జనసంఖ్యా? ఓటర్ల సంఖ్యా?: నియోజకవర్గ విభజనలో ఒక నైతిక ప్రశ్న
నియోజకవర్గాలను జనసంఖ్యను బట్టి విభజించాలా, ఓటర్ల సంఖ్యను బట్టియా? 1974లో ఆస్ట్రేలియా ఈ ప్రశ్నపై ప్రజాభిప్రాయ సేకరణ జరపగా జనసంఖ్య ప్రాతిపదిక వీగిపోయింది. భారత రాజ్యాంగం 170వ అధికరణంలో దానినే, ప్రజలనడగకుండా, స్వీకరించింది. 2008లో పటాన్‌చెరు నియోజకవర్గం ఏర్పడినది 2001 జనగణన ఆధారంగానే. పాశమైలారం కర్మాగారాలలోని ఒడిశా, బిహార్ కార్మికులనేకులు ఇక్కడి జనాభాలో లెక్కకు వచ్చినా ఓటు స్వగ్రామంలోనే ఉంటుంది. వారి తలలు స్థానాన్ని నిర్ణయిస్తాయి. అందులో కూర్చునేదెవరో నిర్ణయించవు. అట్లని ఓటర్లనే లెక్కించుట న్యాయమా? 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ కర్మాగారపు పేలుడుకు బలైన వారిలో పలువురు పరరాష్ట్రీయులు. ఓటు లేనివానికీ ప్రతినిధి బాధ్యుడేనన్న సూత్రానికి జనసంఖ్యే ఆధారం; ఆ బాధ్యతను నిలదీసే సాధనం మాత్రం ఓటే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సాధారణ నివాసికి నమోదు హక్కునిస్తుంది. కాంట్రాక్టుతో పాటు ఊరు మారే కూలీకి సాధారణ నివాసమేది?