యాత్రాసన్నాహము – శరణాగతి

నంద్యాల రైలు స్టేషనులో దిగి, ఆళ్లగడ్డ మీదుగా అహోబల క్షేత్రమునకు సాగిపోవు యాత్రికులలో రెండు తెగలవారు కానవత్తురు. కొందరు నెలదినములు ముందుగానే ఋతువును, తిథినక్షత్రములను, బసను, భోజనమును, ఔషధములను విచారించుకొని బయలుదేరుదురు. మరికొందరు “పిలిచినవాడు స్వామి, నడిపించువాడును ఆయనయే” అని కట్టుబట్టలతో వచ్చెదరు. రెండవవారి దృష్టిలో మొదటివారికి విశ్వాసము చాలదు. మొదటివారి దృష్టిలో రెండవవారికి వివేకము చాలదు. సర్వభారమును భగవంతుని పాదములయందుంచిన శ్రీవైష్ణవునకు ఇట్టి ముందుచూపు తగునా? అది శరణాగతికి లోపమగునా? ప్రశ్న చిన్నదిగా తోచినను, కొండదారిలో ఇది ప్రాణములకు సంబంధించినది.

నంద్యాలకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున, తూర్పుకనుమలలోని నల్లమల అరణ్యమున నవనారసింహులు వేంచేసియున్నారు. దిగువ అహోబలమున ప్రహ్లాదవరదుని కోవెల కలదు. అచ్చటికి సుమారు 8 కిలోమీటర్ల ఎగువన, గుహాలయమున స్వయంభువైన అహోబల నృసింహస్వామి కొలువై యున్నాడు. కారంజ నృసింహుని సన్నిధి ఎగువకు పోవు బాట ప్రక్కనే యున్నది. భార్గవ, యోగానంద, ఛత్రవట సన్నిధులు దిగువ అహోబలమునకు చేరువలోనివి. క్రోడ, మాలోల, జ్వాలా నృసింహుల దర్శనమునకు ఎగువ అహోబలము నుండి కొండదారిని నడువవలెను. పావన నృసింహుని సన్నిధి అడవి లోపల నున్నది. ఉగ్రస్తంభమునకు పోవు దారి మిక్కిలి కఠినము. వానకాలమున భవనాశిని పొంగును. బండలు పాచిపట్టి జారును. వేసవిలో ఈ సీమయందు ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో పది పాశురములతో ఈ క్షేత్రమునకు మంగళాశాసనము చేయుచు, ఇచ్చటి నిప్పును, రాళ్లను, దుర్గమత్వమును కూడ వర్ణించిరి. భక్తిపారవశ్యమున సైతము ఆ మహనీయులు దారి కష్టమును దాచలేదు.

“శరణాగతునకు భగవంతుడే ఉపాయము గదా! మందులమూటయు, చేతికర్రయు, తోడునీడలును వేరు ఉపాయములు కావా?” అని కొందరు ఆక్షేపింపవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన ఆక్షేపము కాదు. అయితే పూర్వాచార్యులు ఇతరోపాయములను వలదన్నది మోక్షవిషయమున. దేహమును కాపాడుకొను విషయమున కాదు. తన్నును తనదైన సమస్తమును స్వామికి సమర్పించిన పిదప, ఈ శరీరము ఎవరి సొత్తు? శేషియైన ఆ స్వామి సొత్తు. దాచుమని ఇచ్చిన నగను బాటప్రక్కన విడిచి, “యజమాని కాపాడుకొనునులే” అనువానిని లోకము విశ్వాసపాత్రుడని మెచ్చదు.

శరణాగతికి చెప్పబడిన అంగములలో మొదటివి ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము. స్వామికి ప్రియమైనది చేయ సంకల్పించుట, అప్రియమైనది మానుట అని వాని భావము. సన్నాహము లేక వచ్చినవాడు తన భారము స్వామిపై నుంచితినని తలచును. కాని అది ముందుగా పడునది తోటి మనుష్యుల భుజములపై. నీరు తెచ్చుకొననివాడు తోడివారి నీరు త్రాగును. వేళ మించి కొండకెక్కినవాని కొరకు వృద్ధులును, పిల్లలును చీకటి పడువరకు అడవిలో నిలిచిపోదురు. కాలు జారి పడినవానిని డోలీవారు, దారి నెరిగిన చెంచువారు మోసికొని దిగవలెను. వారి పాదముల క్రిందను అవే పాచిబండలు గదా! ఒకని విశ్వాసము మరొకని ప్రాణమునకు ముప్పు తెచ్చునపుడు, అది స్వామికి ప్రియమైన విశ్వాసము ఎట్లగును?

ఈ కొండలలోనే కథానాయకుడైన ప్రహ్లాదుని చరిత్రమును పరిశీలింపుడు. ఆ బాలుని కొండకొమ్ము నుండి పడద్రోసిరి, ఏనుగులచే త్రొక్కించిరి, నిప్పులో నుంచిరి. ప్రతి పర్యాయమును స్వామి కాపాడెను. కాని ప్రహ్లాదుడు తనంత తాను కొండకొమ్మెక్కి, “స్వామీ, నన్ను పట్టుకొనుము, చూతము” అని దుమికెనా? ఎన్నడును లేదు. ఆపద వచ్చినపుడు స్మరించెను, ఆపదను వెదకికొనలేదు. “ఈ స్తంభమున నున్నాడా?” అని పరీక్షింపగోరినవాడు హిరణ్యకశిపుడు. ఆ స్తంభమే ఉగ్రస్తంభమని క్షేత్రమాహాత్మ్యము. దానిని చూడబోవుచు, “స్వామి యున్నచో నన్ను కాపాడును గాక” అని వట్టిచేతులతో ఎక్కువాడు ప్రహ్లాదుని మాట పలుకుచున్నాడా, హిరణ్యకశిపుని ప్రశ్న నడుగుచున్నాడా అని తన్ను తాను విచారించుకొనవలెను.

అవతారమెత్తిన స్వామియైనను ఏర్పాటును ఉపేక్షింపలేదు. బ్రహ్మ యిచ్చిన వరమును భంగపరుపక, పగలును రాత్రియు గాని సంధ్యవేళను, లోపలయు వెలుపలయు గాని గడపను, నేలయు నింగియు గాని తన తొడను, ఆయుధములు గాని గోళ్లను ఎంచుకొనెను. సర్వశక్తుడే కాలమును, దేశమును, సాధనమును ఇంతగా పాటింపగా, అల్పశక్తుడైన జీవునకు వానితో పనిలేదనుట వినయమనిపించుకొనదు. గీతాచార్యుడును కర్మసిద్ధికి ఐదు కారణములు చెప్పి, దైవమును ఐదవదిగా పేర్కొనెను. ఆ దైవము పరమాత్మయే యనియు, ప్రధానహేతువు ఆయనయే యనియు శ్రీరామానుజులు వ్యాఖ్యానించిరి. ప్రధానమైన హేతువు ఐదవది యైనంత మాత్రమున తక్కిన నాలుగును విడువదగినవి కావు.

ఇక సన్నాహమునకును ఒక దోషము కలదు. అన్నియు సిద్ధపరచుకొన్నవానికి, తన ఏర్పాటే తన్ను నడుపుచున్నదను భ్రాంతి కలుగును. ఒక్కదినముననే తొమ్మిది సన్నిధులు చూచి తీరవలెనని లెక్క కట్టుకొని, ఒక్కొక్క మూర్తి ఎదుట క్షణమైనను నిలువక పరుగిడుదురు. మోకాళ్లు సహకరింపని తల్లిని, “ఇంతదూరము వచ్చి ఇది చూడకపోవుటయా?” అని లాగికొని పోదురు. ఇచ్చట ఏర్పాటు యాత్రను మ్రింగివేసినది. కావున సన్నాహములో, ఎచ్చటి వరకు పోగలము అనుదానితోపాటు, ఎచ్చట నుండి వెనుదిరుగవలెను అనునదియు చేరియుండవలెను. ఆకాశము మబ్బు పట్టినపుడు, వాగు పెరిగినపుడు, ఒకరికి ఆయాసము తోచినపుడు, అచ్చటనే నిలిచి కొండవైపు చేతులు జోడించి దిగివచ్చువాడు ఓడిపోయినవాడు కాడు. తన చేతనైనంత చేసి, చేతకానిదానిని స్వామికి విడిచిన ఆ క్షణముననే శరణాగతి పండును.

అట్టివారికి లోటు లేకుండ స్వామియే ముందుగా ఏర్పాటు చేసియున్నాడు. కొండ ఎక్కలేనివారి కొరకు దిగువనే లక్ష్మీసమేతుడై ప్రహ్లాదవరదుడుగా నిలిచియున్నాడు. మాలోల నృసింహుని ఉత్సవమూర్తి, అహోబిలమఠ స్థాపకులైన ఆదివణ్ శఠకోప యతీంద్ర మహాదేశికుల నాటినుండి జీయరుస్వాముల వెంట సంచారము చేయుచున్నదని సంప్రదాయము. ఏటేట కనుమనాడు ప్రారంభమగు పారువేట ఉత్సవమున స్వామి పల్లకిలో సుమారు 40 దినములు పరిసర గ్రామములకు వేంచేసి, ముంగిళ్లలోనే దర్శనమిచ్చును. దైవమే గడప చెంతకు వచ్చు క్షేత్రమున, ఎక్కలేకపోతిమను చింతకు తావులేదు.

కావున అహోబలయాత్రకు సంకల్పించు గృహస్థులు చలికాలమును ఎంచుకొని, వేకువనే నడక ప్రారంభించి, దారి నెరిగినవారిని తోడు చేసికొని, అటవీశాఖవారి నిబంధనలను పాటించి, త్రాగునీటిని వెంట గొనిపోయి, ఖాళీ సీసాలను అడవిలో వదలక తిరిగి తేవలెను. డోలీవారికి తగిన కూలి నిచ్చి, వారు అలసినచోట దింపి విశ్రాంతి తీసికొననీయవలెను. ఇవియన్నియు కైంకర్యములే. వీనిని నిర్వర్తించి, ఫలమును శ్రీనృసింహుని పాదములయందుంచి నడుచువారికి ఆ స్వామి క్షేమమును, పునర్దర్శనమును అనుగ్రహించుగాక.