దమయంతి వెతికించిన తీరు



మన గ్రూపుల్లో అప్పుడప్పుడు ఒక ఫోటో వస్తుంటుంది. "ఇతను ఇంటికి ఫోన్ చేసి చాలా రోజులైంది, తెలిసినవాళ్ళు చెప్పగలరు" అని. కింద ఊరి పేరు, పాస్‌పోర్టు నంబరు కూడా. మంచి మనసుతోనే అందరికీ పంపుతాం. కానీ ఆ మనిషి దొరికి, "అన్నా, నేనిక్కడున్నట్టు ఇంట్లో చెప్పొద్దు" అంటే ఏం చెయ్యాలి?

భారతం అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. అడవిలో నిద్రపోతున్న దమయంతిని వదిలేసి వెళ్ళిపోయాడు. కర్కోటకుడి కాటుకు రూపం మారిపోయింది. బాహుకుడని పేరు పెట్టుకుని అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలే పనిలో కుదిరాడు. వంట కూడా బాగా చేసేవాడు. పరాయి రాజ్యం, డ్రైవరు పని, మారిన పేరు, ఇంటికి కబురు లేదు. ఇలాంటి బాహుకులు మన క్యాంపుల్లో లేరా? ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు తీరక, కఫీల్ దగ్గర్నుంచి బయటపడి ఖల్లివెల్లి అయి, మొహం చెల్లక నంబరు మార్చేసినవాళ్ళు?

పుట్టింటికి చేరిన దమయంతి నాలుగు దిక్కులకూ బ్రాహ్మణులను పంపించింది. "నలుడనేవాడు కనిపించాడా" అని అడగమనలేదు. సగం చీర చింపుకుని, నమ్ముకున్న భార్యను అడవిలో వదిలిపోయినవాడా, భార్యను కాపాడుకోవడం నీ ధర్మం కాదా అనే మాటలు జనం ఉన్న ప్రతిచోటా వినిపించమంది. ఎవరు పంపారో మాత్రం తెలియనివ్వొద్దంది. వందమంది విన్నా అర్థమయ్యేది ఒక్కడికే. ఋతుపర్ణుడి సభలో ఎవరూ పలకలేదు. తర్వాత బాహుకుడొక్కడే ఏకాంతంలో వచ్చి జవాబు చెప్పాడు. ఆ సంగతి తెలిశాక కూడా దమయంతి తల్లికి తప్ప తండ్రికి తెలియనివ్వలేదు.

"పెళ్ళాం పిల్లలు ఎదురుచూస్తుంటే వాడి పరువు కోసం చూడాలా?" అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. దమయంతి కూడా మెత్తగా ఏమీ అడగలేదు, నిలదీసింది. కాకపోతే నిలదీసింది అతణ్ణి, బజారులో కాదు.

నా మటుకు నాకు తోచేది ఇది. బతికున్నాడన్న మాట తల్లికి ఆ రోజే చెప్పాలి, వాడు వద్దన్నా సరే. ఎక్కడ పనిచేస్తున్నాడు, అకామా ఉందా లేదా అన్నది వాడి నోటితోనే రావాలి. అసలు ఏ ఆచూకీ లేకపోతే మాత్రం సంగతి వేరు. ఆసుపత్రిలోనో జైల్లోనో ఉండొచ్చు. అప్పుడు ఆ ఫోటో, పాస్‌పోర్టు నంబరు వెళ్ళాల్సింది మన గ్రూపుకు కాదు, ఎంబసీకి. ఊళ్ళో ఉన్న కుటుంబం కూడా మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

రెండో స్వయంవరమని కబురంపి దమయంతి ఋతుపర్ణుణ్ణి రప్పించింది. రథం తోలుకుంటూ బాహుకుడూ వచ్చాడు. (ఆ అబద్ధం తప్పా ఒప్పా అన్నది పెద్దల చర్చకే వదిలేద్దాం.) అప్పుడు కూడా ఆమె ఎదురు పడలేదు. దాసి కేశినితో పిల్లలిద్దర్నీ పంపించింది. వాళ్ళను ఒళ్ళోకి తీసుకుని అతను బావురుమన్నాడు. కాసేపటికి తేరుకుని, "మా పిల్లల్లాగే ఉన్నారు, అందుకే ఏడుపొచ్చింది. నువ్విలా మాటిమాటికీ రాకు, చూసినవాళ్ళు ఏమనుకుంటారో" అని కేశినిని పంపించేశాడు. ఆ మాట విన్నాకే, అమ్మానాన్నలను అడిగి, దమయంతి అతణ్ణి లోపలికి పిలిపించింది.