మడికట్టుకున్న సంస్కృతి

గొప్ప సాహిత్యం మనిషిని మంచివాణ్ణి చేస్తుందని రచయితలు నమ్ముతారు. నమ్మకపోతే రాయడం కష్టం. అభ్యుదయ రచయితలమైన మనం మరి కాస్త ఎక్కువగానే నమ్ముతాం. ఈ నమ్మకానికి జర్మనీలో ఒక వూరు అడ్డం తగులుతుంది. ఆ వూరు వైమార్.

గేటే పుస్తకం ఒక్కటీ చదవని తెలుగువాడికి కూడా ఆయన శాకుంతలాన్ని మెచ్చుకున్నాడని తెలుసు. 1791లో వచ్చిన ఫోర్‌స్టర్ జర్మన్ అనువాదం చదివి ఆయన మురిసిపోయిన సంగతి మన పండితులు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఆ గేటే 1775లో వైమార్ వచ్చి, 1832లో అక్కడే కన్నుమూశాడు. షిల్లర్ ఆఖరి సంవత్సరాలు గడిపిందీ అక్కడే. బాఖ్ అక్కడి ఆస్థానంలో ఉద్యోగం చేశాడు. బౌహౌస్ కళాశాల 1919లో అక్కడ పుట్టి, మితవాదుల పోరు పడలేక 1925లో డెస్సౌకు తరలిపోయింది. ఇంత చిన్న వూరికి ఇంత చరిత్ర వున్నప్పుడు యాత్రికుడు కాస్త గొంతు తగ్గించి నడుస్తాడు. నేనూ అట్లాగే నడిచాను. ఇల్మ్ నది వెంబడి తోట, అందులో గేటే కాపురమున్న చిన్న యిల్లు, చెట్లనీడ — యివన్నీ మనసుకు హాయిగా వున్నాయని చెప్పడానికి నాకు సిగ్గులేదు. అందం ఎవరికీ అపకారం చేయలేదు.

రైల్వేస్టేషను దగ్గర 6వ నంబరు బస్సెక్కితే అది ఎటర్స్‌బెర్గ్ కొండమీదికి తీసుకుపోతుంది. గేటే షికారు తిరిగిన కొండ అది. వూరికి ఎనిమిది కిలోమీటర్ల దూరం. 1937 జూలైలో నాజీలు దానిమీద బూఖెన్‌వాల్ట్ నిర్బంధ శిబిరం పెట్టారు. బస్సు పోయే రోడ్డు ఖైదీలు వేసిందే; దాన్ని రక్తపుబాట అంటారు. 1945 ఏప్రిల్ దాకా ఆ శిబిరంలోనూ దాని అనుబంధ శిబిరాల్లోనూ సుమారు 2,78,000 మంది మగ్గారు. వారిలో సుమారు 56,000 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

కొండకింద కవిత్వం, కొండమీద నరకం అని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోయి వూరుకుంటే లాభం లేదు. శిబిరానికి మొదట పెట్టిన పేరు ఎటర్స్‌బెర్గ్. వైమార్‌లోని నాజీ సాంస్కృతిక సంఘం దానికి అభ్యంతరం చెప్పింది. ఎందుకు? మనుషుల్ని అక్కడ బంధిస్తున్నారని కాదు. ఆ పేరు గేటే స్మృతితో ముడిపడి వున్నది గనక! అంచేత బీచ్ చెట్ల అడవి అని అర్థమిచ్చే కొత్త పేరు తగిలించారు. శిబిరం కోసం అడవి నరికేటప్పుడు ఒక ఓక్ చెట్టును మాత్రం నరకలేదు. గేటే పేరుతో చెప్పుకునే చెట్టది. దాని చుట్టూ ఖైదీల వంటశాల, చాకిరేవు వెలిశాయి. అన్నిటికన్నా నన్ను పట్టుకుని వదలనిది షిల్లర్ రాతబల్ల. యుద్ధం ముదిరి బాంబుల భయం పట్టుకున్నప్పుడు షిల్లర్ ఇంట్లోని సామానును కాపాడాలనుకున్నారు. అసలు వస్తువులు భద్రంగా దాచి, వాటి స్థానంలో నకళ్లు పెట్టాలి. ఆ నకళ్లు చేసే పని బూఖెన్‌వాల్ట్ ఖైదీలకు అప్పగించారు. స్వేచ్ఛను గురించి రాసిన కవి రాతబల్లకు కొలతలు తీసి, చిత్రిక పట్టి, నునుపు చేసినవాళ్లు బానిసలు.

దీన్ని చూసి, సంస్కృతి పైపూత, గీకితే లోపల వున్నది మృగమే అని తేల్చేసేవాళ్లున్నారు. నేను వొప్పుకోను. మృగానికి పేరు మైలపడుతుందన్న బెంగ వుండదు. నాజీలు సంస్కృతి లేనివాళ్లు, అసలు జర్మనీ వేరు అనేవాళ్లూ వున్నారు. మంచి జర్మనీ, చెడ్డ జర్మనీ అని రెండు లేవనీ, వున్నది ఒక్కటేననీ థామస్ మన్ 1945లోనే చెప్పాడు. 1919లో గణతంత్ర రాజ్యాంగాన్ని రూపొందించిన నాటకశాలలోనే నాజీలు 1926లో తమ పార్టీ మహాసభ జరుపుకున్నారు.

మడి సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. మడికట్టుకున్నవాడి దృష్టంతా తన బట్టకు ఏం తగులుతుందోనని. ఎదుటివాడు ఆకలితో పడిపోయినా ఆయన పక్కకు తప్పుకుంటాడు. తప్పుకోవడంలో ఆయనకు పుణ్యం కూడా కనిపిస్తుంది. వైమార్ పెద్దలు గేటేకు కట్టింది ఈ మడే. పేరుకూ, చెట్టుకూ, బల్లకూ మైల తగలనివ్వలేదు. ఖైదీలు రైలు దిగింది వైమార్ స్టేషనులో. వూళ్లో ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసింది వాళ్లే. 1945 ఏప్రిల్ 16న అమెరికన్ సైనికులు వూరివాళ్లను సుమారు వెయ్యిమందిని శిబిరానికి నడిపించుకుపోతే, మాకు తెలియదన్నారు చాలామంది.

శిబిరం ఇనుప గేటుమీద ఒక మాట వుంది: ఎవరిది వారికి. లోపలివాళ్లకు కనబడేటట్టు లోపలివైపుకే తిప్పి పెట్టారు. రోమన్ న్యాయశాస్త్రం నుంచి వచ్చిన మాట అది. 1715లో వైమార్‌లోనే బాఖ్ ఆ మాటతో మొదలయ్యే చర్చి సంగీతం కూర్చాడు. న్యాయమే తలకిందులుగా నిలబడింది చూడండి. గేటు అక్షరాలు తీర్చినవాడు ఫ్రాంజ్ ఎర్లిఖ్, బౌహౌస్ విద్యార్థి, కమ్యూనిస్టు, ఖైదీ.

మడి శత్రువులకు మాత్రమే వున్నదనుకుంటే మనం హాయిగా నిద్రపోవచ్చు. కాని 1945లో నాజీలు పోయాక అదే స్థలంలో సోవియట్ అధికారులు మరో శిబిరం నడిపారు. 1950లో మూసేలోగా దానిలో సుమారు 28,000 మందిని పెట్టారు. 7,000 మందికి పైగా ఆకలితో, జబ్బులతో చనిపోయారు. అందులో నాజీ పార్టీవాళ్లు చాలామంది. విచారణ లేకుండా ఆకలితో చంపడానికి అది సమాధానమా? తూర్పు జర్మనీ ప్రభుత్వం 1958లో కొండమీద బ్రహ్మాండమైన స్మారకం కట్టి, ఫ్రిట్జ్ క్రేమర్ చేసిన వీరుల శిల్పాలు నిలబెట్టింది. ఆ వీరులు నిజమైనవాళ్లే. ఎర్న్‌స్ట్ టేల్మన్‌ను 1944 ఆగస్టులో అక్కడే కాల్చి చంపారు. కాని రెండో శిబిరపు గోతుల సంగతి 1990 సమీపించేదాకా బహిరంగంగా ఎవరూ ఎత్తలేదు. వీరగాథ మైలపడుతుందని కదా! ఈ మాట రాస్తే పక్షం మార్చానంటారు కొందరు మిత్రులు. చచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి పక్షం మారవలసిన పనిలేదు.

1944 ఆగస్టులో వైమానిక దాడి జరిగి ఆ ఓక్ చెట్టు కాలిపోయింది. మొద్దు యిప్పటికీ వుంది. బ్రూనో ఆపిట్జ్ అనే కమ్యూనిస్టు ఖైదీ, తరవాత నవలాకారుడుగా పేరు పొందినవాడు, ఆ చెట్టు కొయ్యముక్క ఒకటి సంపాదించి, కావలివాళ్ల కంటపడకుండా చెక్కాడు. గేటేనూ చెక్కలేదు, షిల్లర్‌నూ చెక్కలేదు. కళ్లు మూతపడుతున్న ఒక ఖైదీ ముఖం చెక్కాడు. ఆఖరి ముఖం అని దానికి పేరు.