పోసిన నీటికి పోయే దారి

శివాలయంలో చండి ప్రదక్షిణ చేసేవాళ్లు గర్భగుడి ఉత్తరపు గోడ దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. అభిషేక జలం బయటికొచ్చే సోమసూత్రం అక్కడ ఉంటుంది, దాన్ని దాటకూడదు. పానవట్టం మీద పోసిన నీళ్లు, పాలు, తేనె అన్నీ ఆ తూము గుండానే పోతాయి. గుడి కట్టిన శిల్పి స్వామికి పీఠంతో పాటు నీటికి వాలూ చూశాడు. భక్తులు ఆ తూమును కూడా గౌరవించారు.

మన ఇళ్లలో ఆ చూపు కరువు. హైదరాబాద్ బోరబండ గల్లీల్లో చిన్న జాగాలో అంతస్తు మీద అంతస్తు లేస్తుంది. వాషింగ్ మెషీన్, బట్టల సింకు ఉన్న మూలలోనే సర్దుకుంటాయి. మెషీన్ పంపు నీళ్లను ఒక్కసారిగా సింకులోకి తోసేస్తుంది. సింకు కింది సన్నటి పైపు ఆ వేగానికి తట్టుకోలేదు. పైగా లోపల నూలు పీచు, వెంట్రుకలు, సబ్బు జిడ్డు. నురగ సింకు అంచు దాటి గదంతా పరుచుకుంటుంది.

గాబరాలో చాలామంది యాసిడ్ పోస్తారు. పనితనం తెలిసిన ప్లంబర్ కింద బకెట్ పెట్టి ట్రాప్ అనే వంపు పైపును విప్పుతాడు. బూడిదరంగు ముద్ద ఒకటి జారి పడుతుంది, అందులో ఓ చొక్కా గుండీ. తర్వాత పైపులోకి స్ప్రింగ్ వైరు దించి, మెషీన్ గొట్టం చివర పీచు పట్టే జాలి కట్టి వెళ్తాడు. ట్రాప్ వంపులో మాత్రం కాసిని నీళ్లు నిలవనిస్తాడు. మోరీ వాసనను ఆపేది అవే.

మనసు సంగతీ అంతే. పతంజలి నియమాల్లో మొదటిది శౌచం, అంటే శుభ్రత. అందుకని స్నానం, జపం, ఉపవాసం అంటూ పైనుంచి పోస్తూనే ఉంటాం. అయినా ఇంట్లో చిన్న మాటకే పొంగిపోతాం. పొంగింది ఇవాళే, అడ్డం పడింది ఏనాడో. పంపకాల్లో జరిగిన అన్యాయం, పెళ్లిలో దక్కని మర్యాద అడుగున చుట్టుకుని ఉంటాయి. ఒకదాన్నే పదే పదే తలచుకోవడం నుంచి ఆశ, ఆశ నుంచి కోపం పుడతాయని గీత రెండో అధ్యాయం చెబుతుంది. విప్పాల్సింది అక్కడ. అన్నీ మరిచిపోనక్కర్లేదు. నేర్చిన పాఠం ట్రాపులో నీళ్లలా కొంత నిలవాలి, పాత దుర్వాసన మళ్లీ పైకి రాకుండా.

అయితే వదిలించుకోవడమంటే పక్కవాడి మీద పోయడం కాదు. ఎత్తుపల్లాల బోరబండలో పై వీధి మురుగు పొంగితే తడిసేది కింది వీధి గుమ్మమే. ఆ మురుగు తీసేందుకు రక్షణ సామగ్రి లేకుండా మనిషిని కాల్వలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మనం వదిలిన పీచు చివరికి ఒక మనిషి చేతికి తగులుతుందన్న ఎరుక కూడా శౌచమే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బట్టలుతికే మడివాలు మాచయ్యను మహాభక్తుడిగా నిలిపాడు. ఇతరుల మైల వదిలించేవాడి స్థానం అది.

ఈ వారం జాలి విప్పి పీచును చెత్తబుట్టలో వేయండి. ఆఫీసులో పడ్డ మాటను ఇంటికి తెచ్చి భార్య మీదో, పిల్లల మీదో కుమ్మరించకండి. మనం శుభ్రపడటం కోసం ఇంకొకరు మురికి కాకపోతే, ఆ పూట పూజ సాగినట్టే.