ఆజ్ఞకు ముందు అడగాల్సిన ప్రశ్న

తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని చుట్టుపక్కల అందరూ మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి తొంభై మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా తమ ఊరి నుంచి వెళ్లారని గ్రామస్థులు చెబుతారు. తరాల తరబడి సైన్యాన్నే బతుకుబాటగా ఎంచుకున్న ఊరది. అలాంటి ఊరి కుర్రాడు సైన్యంలో చేరితే పరుగు నేర్పేవాళ్లుంటారు, తుపాకి నేర్పేవాళ్లుంటారు, క్రమశిక్షణ నేర్పేవాళ్లుంటారు. ఎదురైన చిక్కులో అసలు సమస్య ఏమిటో తేల్చుకోవడం మాత్రం ఒక విద్యగా నేర్పడం తక్కువ. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ తరగతుల్లో డిజైన్ థింకింగ్ పేరుతో చెబుతున్నది దాన్నే. వాడేవాళ్ల స్థితిగతులను దగ్గరగా గమనించడం, అసలు సమస్యను నిర్ధారించుకోవడం, చిన్న నమూనా చేసి పరీక్షించడం, అది విఫలమైతే దిద్దుకోవడం అందులోని మెట్లు. ఈ చదువు అధికారులతో ఆగిపోకుండా జవాను దాకా రావాలని నా వాదన.

యుద్ధరంగంలో ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ, విడి పలకలుగా తెచ్చి అక్కడికక్కడ బిగించే బెయిలీ వంతెన. 1940 ప్రాంతంలో బ్రిటన్ యుద్ధ శాఖలో పనిచేస్తున్న డొనాల్డ్ బెయిలీ దాన్ని రూపొందించాడు. ఎంత బరువు మోయాలన్న ప్రశ్నతో పాటు ఎవరు మోసుకొస్తారు, ఏ బండిలో వస్తుంది, చీకట్లో ఎవరు బిగిస్తారు అన్న ప్రశ్నలకూ ఆ వంతెన జవాబిచ్చింది. ఒక్కో పలక దాదాపు 260 కిలోలు, అంటే ఆరుగురు జవాన్లు ఎత్తగలిగినంత. మూడు టన్నుల లారీలో పడుతుంది. క్రేను అక్కర్లేదు. వాడే మనిషి భుజాన్ని కొలతగా తీసుకున్నందుకే అది ఇన్నేళ్లు నిలిచింది. మన దేశంలో వరదకు రోడ్డు తెగిన కొండ ప్రాంతాల్లో ఇప్పటికీ దాన్నే బిగిస్తున్నారు.

సైన్యం ఆజ్ఞ మీద నడుస్తుంది, ప్రశ్నలు మొదలైతే పటాలం చెదిరిపోతుంది అని కొందరు అభ్యంతరం చెబుతారు. అందులో సగం నిజముంది. గుళ్లు కురుస్తున్నప్పుడు చర్చకు తావు లేదు. అయితే ప్రశ్నకూ ఒక వేళ ఉంది: ఆజ్ఞ తయారయ్యే ముందు, పని ముగిసిన తర్వాత. ఆ వేళను వదులుకుంటే ఏమవుతుందో కొల్లేరు సరస్సులో జరిగిన కూల్చివేత చూపించింది. అది సైన్యం చేసిన పని కాదు, కానీ పేరులోనూ తీరులోనూ సైనిక చర్యలాంటిదే. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ సరస్సులో, సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును సూచించే ఐదో కాంటూరు లోపలున్న చేపల చెరువులను సుప్రీంకోర్టు ఆదేశంతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట తొలగించారు. పేలుడు పదార్థాలతో, పొక్లెయిన్లతో గట్లు కొట్టేశారు. ఆజ్ఞ స్పష్టంగా ఉంది, అమలూ వేగంగా జరిగింది. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. చట్టాన్ని అమలు చేయాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ గట్టు వెనకాల కౌళ్లున్నాయి, అప్పులున్నాయి, లంక గ్రామాల తిండి ఉంది. చెరువు పోయిన కుటుంబం రేపు దేనిమీద బతకాలన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరకనంత కాలం, కూల్చిన గట్టు సమస్యలో ఒక ముక్క మాత్రమే. సరిహద్దు ఊళ్లలోనూ, తుపాను సహాయంలోనూ జనం మధ్య పనిచేసే జవానుకు, గట్టు కూల్చడానికీ సమస్య తీర్చడానికీ మధ్య ఉన్న ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇదంతా మాటల గారడీగా మారుతుందన్న రెండో అభ్యంతరం ఇంకా బరువైనది, దానికి దాఖలా కూడా ఉంది. ఇజ్రాయెల్‌లో షిమోన్ నావె సైనిక ప్రణాళికలోకి డిజైన్ ఆలోచనను తెచ్చాడు. 2006 లెబనాన్ యుద్ధం తర్వాత, కొత్త పరిభాషలో రాసిన ఆదేశాలు కింది కమాండర్లకు అర్థం కాలేదన్న విమర్శ గట్టిగా వచ్చింది. అయినా అమెరికా సైన్యం 2010లో తన ప్రణాళికా గ్రంథంలో డిజైన్‌కు చోటిచ్చింది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో తప్పు సమస్యను ఎంత సమర్థంగా పరిష్కరించినా గెలుపు రాదని అది చూసింది. ఈ రెండు అనుభవాల నుంచి నాకు తోచేది ఒకటే. ఈ విద్యను సిద్ధాంతంగా పైనుంచి దించితే చెడుతుంది. చేతి పనిగా కింది నుంచి నేర్పితే నిలుస్తుంది. బూటు ఎందుకు కొరుకుతోంది, రేడియో ఎక్కడ మూగబోతోంది అన్నవి జవానుకే ముందు తెలుస్తాయి. మన సైన్యం 2016లో ఆర్మీ డిజైన్ బ్యూరోను ఏర్పాటు చేసి, తన అవసరాలను సమస్యల రూపంలో పరిశ్రమల ముందూ విద్యాసంస్థల ముందూ పెడుతోంది. ఆ సమస్యలను సరిగ్గా చెప్పగలిగే నేర్పు కింది స్థాయిలో లేకపోతే పైన ఎంత మేధ ఉన్నా వృథా.

2022లో వచ్చిన అగ్నిపథ్ ఈ అవసరాన్ని ఇంకా పెంచింది. యువకులను సైన్యంలో చేర్చుకుని, నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరినే కొనసాగించే పథకమది. మిగతా ముగ్గురు ఇరవైల్లోనే ఊరికి తిరిగొస్తారు. వాళ్లకు సెక్యూరిటీ గార్డు యూనిఫారం ఒక్కటే దారి కాకూడదు. మాధవరానికి దగ్గర్లోనే, తాడేపల్లిగూడెంలో, 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (నిట్) ఉంది. అక్కడి విద్యార్థులూ, మాధవరం మాజీ సైనికులూ, కొల్లేరు లంక గ్రామాల యువకులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని వరద పడవ మీదో, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడిక మీదో ఒక ఏడాది పనిచేయాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, సంకల్పం చాలు. సమస్యను గుర్తించగల జవాను సైన్యంలో ఉన్నంత కాలం దేశానికి మెరుగైన సైనికుడు, బయటికొచ్చాక ఊరికి ఆసరా. వందేళ్లుగా కొడుకులను పంపుతున్న ఊరికి దేశం చెల్లించాల్సిన బాకీల్లో ఈ చదువూ ఒకటి.