ఇంకా రానివాళ్ల నంబర్లు

న్యూయార్క్ నగరం మొత్తానికీ 1984 దాకా ఒకటే ఏరియా కోడ్, 212. నంబర్లు నిండుకుంటున్నాయని టెలిఫోన్ వాళ్లు లెక్క తేల్చాక నగరాన్ని విడదీయక తప్పలేదు. మాన్‌హట్టన్, బ్రాంక్స్ పాత కోడ్‌లోనే ఉండిపోయాయి. బ్రూక్లిన్, క్వీన్స్, స్టాటెన్ ఐలాండ్ వాళ్లకు 718 ఇచ్చారు. అక్కడి నాయకులు గొడవ చేశారు, జనం చిన్నబుచ్చుకున్నారు. 1992లో బ్రాంక్స్‌ను కూడా 718లోకి పంపేశారు. ఎవరి ఇల్లూ కదల్లేదు, ఎవరి అద్దే పెరగలేదు. మూడంకెలు మారాయి, అంతే. మరి అంత బాధ దేనికి?

నవ్వి వదిలేయొచ్చు. నేను వదల్లేకపోతున్నాను. ఆ తగవులో ఒక పాత చిక్కుంది. అందరిదీ అయిన వస్తువు తరిగిపోతుంటే ఆ ఇబ్బంది ఎవరు మోయాలి? ముందు నుంచీ ఉన్నవాళ్లా, కొత్తగా వస్తున్నవాళ్లా, ఇంకా రాని, అసలు పుట్టనే పుట్టని వాళ్లా? నీళ్ల గురించో, భూమి గురించో ఈ ప్రశ్న వేస్తే వెంటనే గొంతులు లేస్తాయి, లెక్కలు వినపడవు. ఫోన్ నంబరు తినేదీ కాదు, తాగేదీ కాదు. దాని మీద ఆలోచిస్తే కాస్త తేటగా ఆలోచించవచ్చనిపించింది. ఎంతవరకు తేటగా ఉంటుందో తర్వాత చూద్దాం.

ఆ 212 మొదట ఎలా వచ్చిందో చూస్తే అందులో గొప్పేమీ లేదు. 1947లో ఏటీ అండ్ టీ, బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఉత్తర అమెరికాను 86 కోడ్‌లుగా పంచారు. అప్పటి ఫోన్‌కు గుండ్రటి డయల్. రంధ్రంలో వేలు పెట్టి, లోహపు కొక్కెం దాకా లాగి వదిలితే అది గిర్రున వెనక్కి తిరుగుతూ పల్సులు పంపేది. ఒకటికి ఒక పల్సు, తొమ్మిదికి తొమ్మిది, సున్నాకు ఏకంగా పది. కాబట్టి అందరూ ఎక్కువగా తిప్పే నగరాలకు తక్కువ తిరిగే కోడ్‌లిచ్చారు. న్యూయార్క్‌కు 212, అంటే మొత్తం ఐదు పల్సులు. లాస్ ఏంజెలిస్ 213కూ, షికాగో 312కూ ఆరేసి. కోట్ల వేళ్లకు కొంచెం కొంచెం శ్రమ తగ్గించడమే అందులోని న్యాయం. చక్కటి న్యాయమే. మొదట ఆ కోడ్‌లు ఆపరేటర్ల కోసమే. మామూలు మనిషి ఆపరేటర్ సాయం లేకుండా దూరపు ఊరికి తనే తిప్పుకోవడం 1951 నవంబరు 10న మొదలైంది. న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ మేయర్ ఖండం అవతల కాలిఫోర్నియాలోని అలమీడా మేయర్‌కు చేశారు. 18 సెకన్లలో కలిసిందట. ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద గంటలు గంటలు కూర్చున్న మన పెద్దవాళ్లకు ఆ 18 సెకన్ల విలువ తెలుస్తుంది.

తర్వాత డయల్ పోయి బటన్లు వచ్చాయి. బటన్‌కు రెండైనా ఒకటే, తొమ్మిదైనా ఒకటే. 212కున్న ఒకే ఒక్క ఆధిక్యం అలా మాయమైపోయింది. మర్యాద మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. 1998లో వచ్చిన ‘సైన్‌ఫెల్డ్’ హాస్య ధారావాహిక ఎపిసోడ్ ఒకదాంట్లో ఎలైన్ అనే పాత్రకు 646 కోడ్‌తో కొత్త నంబరు వస్తుంది. అది చూసి ఒకాయన ఆమెకు ఫోన్ చేసే ఆలోచనే మానుకుంటాడు. దాంతో ఆమె చనిపోయిన పొరుగింటావిడ 212 నంబరు సంపాదిస్తుంది. ఆవిడ మనవడు అది తెలియక ఫోన్ చేస్తూనే ఉంటాడు. మాన్‌హట్టన్‌కు 646 నిజంగా వచ్చింది మరుసటి ఏడాదే. మనం మాత్రం తక్కువా? 98480తోనో 98490తోనో మొదలయ్యే నంబరు చెప్పేటప్పుడు కొందరి గొంతులో వినపడే నెమ్మది నాకు తెలుసు. సెల్‌ఫోన్ కొత్తగా వచ్చిన రోజుల్లోనే కొన్నామని ఆ అంకెలు చెప్పకనే చెబుతాయి.

నంబర్లు అయిపోయినప్పుడు ప్రణాళిక వేసేవాళ్ల ముందు ప్రధానంగా రెండు దారులుంటాయి. ఒకటి, 1984లో చేసినట్టు ప్రాంతాన్ని చీల్చి ఒక సగానికి కొత్త కోడ్ ఇవ్వడం. ఆ సగంలో ఉన్నవాళ్లు లెటర్‌హెడ్‌లూ బోర్డులూ విజిటింగ్ కార్డులూ మార్చుకోవాలి, చుట్టాలందరికీ కబురు పెట్టుకోవాలి. రెండోది, గీత గీయకుండా పాత కోడ్ మీదే కొత్త కోడ్ పరచడం. పాతవాళ్ల నంబర్లు అలాగే ఉంటాయి, కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్లకు కొత్త కోడ్ వస్తుంది. ఒకే మెట్ల దారిలో ఎదురెదురు ఫ్లాట్‌లకు రెండు కోడ్‌లు. న్యూయార్క్‌లో 1992లో వచ్చిన 917 ఇలాంటి వాటిలో మొదటిది. ఇప్పుడు అమెరికాలో దాదాపు అంతటా ఈ రెండో పద్ధతే. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఫోన్లు చూస్తే ఆ చరిత్రంతా కనిపిస్తుంది. 214 చీలి 1996లో 972 వచ్చింది, 1999లో పైన 469 పరిచారు, 2021లో 945. నిన్న ఫ్రిస్కోలో దిగిన కుర్రాడికి 214 దొరకడం కష్టం.

రెండో పద్ధతి ఎందుకు గెలిచింది? దాంతో నష్టపోయేవాళ్లు ఇంకా రాలేదు కాబట్టి. నంబరు మారుతుందంటే సభకు వచ్చి అరిచేవాళ్లుంటారు. రేపు ఉద్యోగం కోసం ఆ ఊరొచ్చేవాడు ఇవాళ్టి సభలో ఉండడు. జనరల్ బోగీలో ముందెక్కి కూర్చున్నవాళ్లు, సీట్లు ఎలా సర్దాలో తర్వాతి స్టేషన్ రాకముందే తీర్మానించుకున్నట్టు ఉంటుంది.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ ఉమ్మడి ప్రకృతిలోంచి మనిషి తన వంతు తీసుకోవచ్చన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. మిగతావాళ్లకు సరిపడా మిగలాలి, అదీ అంతే మంచిది మిగలాలి. నంబర్ల విషయంలో మొదటి సగం సులువు. ఒక్కో ఏరియా కోడ్‌లో సిద్ధాంతరీత్యా 79 లక్షల 20 వేల నంబర్లుంటాయి, చాలకపోతే ఇంకో కోడ్ తెరవొచ్చు. రెండో సగంతోనే తంటా. 646 కూడా 212 లాగే మోగుతుంది. అయినా అంత మంచిదని జనం ఒప్పుకోలేదు. వస్తువులో లేని తేడా మనసులో ఉంటే, ఆ తేడాకు పరిహారం చెల్లించాలా? చెల్లించనక్కర్లేదని చెప్పేయడానికి నా నోరు రావడం లేదు. కులం పేరు దగ్గర్నుంచి కాలేజీ పేరు దాకా మనం మోసే తేడాల్లో చాలావాటికి ఇంతకంటే గట్టి పునాది లేదు. అయినా అవి బతుకుల్ని నిజంగానే మారుస్తున్నాయి.

ఇక్కడ అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ చేసిన ఒక పని నాకు నచ్చింది. కొత్త కోడ్ పరిచిన చోట పాతవాళ్లు తమలో తాము ఏడంకెలతో మాట్లాడుకుంటూ, కొత్తవాళ్లకు మాత్రం పది కొట్టే ఏర్పాటు కుదరదంది. పక్కింటికి చేసినా అందరూ పూర్తి నంబరు కొట్టాల్సిందే. న్యూయార్క్ రాష్ట్రం ఒప్పుకోక కోర్టుకెక్కింది, ఓడింది, 2003 ఫిబ్రవరి నుంచి పాటించింది. అలవాటైన చిన్న సుఖాన్ని వదులుకోమంటే మనిషి కోర్టు దాకా వెళ్తాడన్నమాట! కానీ ఆ మూడంకెల శ్రమ పంచుకోవడం వల్లే కొత్తగా వచ్చినవాడి నంబరు ‘బయటివాడి నంబరు’ కాకుండా పోయింది.

అసలు కరువు నిజమేనా అని కూడా అడగాలి. 1990లలో అమెరికాలో ఏరియా కోడ్‌లు హఠాత్తుగా కరిగిపోవడానికి ఫ్యాక్స్‌లూ పేజర్లూ సెల్‌ఫోన్లూ కారణమని చెప్పారు. సగం నిజం. 1996 టెలికాం చట్టంతో పోటీ కంపెనీలు దిగాయి. ప్రతి కంపెనీకీ ప్రతి చిన్న ప్రాంతంలోనూ పదివేల నంబర్ల కట్ట మొత్తంగా ఇచ్చేవారు. అక్కడ దానికి యాభై మంది ఖాతాదారులే ఉన్నా సరే, మిగతా 9,950 నంబర్లూ దాని పెట్టెలోనే మూలుగుతుండేవి. లాస్ ఏంజెలిస్ పడమటి పేటల్లోని 310 మీద 424 పరచబోతే 1999లో జనం తిరగబడ్డారు. ఆపి లెక్క చూస్తే 310లోనే లక్షలాది నంబర్లు ఖాళీగా పడున్నాయి. 424 చివరికి 2006లో గానీ రాలేదు. ఈలోగా కట్టలను వెయ్యేసిగా విడగొట్టి పంచడం నేర్చుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు గోదాముల్లో ధాన్యం ఉండగా వచ్చిన కరువులన్నీ గుర్తొచ్చాయి. కొలపాత్ర ఎంత పెద్దదిగా పెట్టుకున్నామన్న దాన్ని బట్టి కూడా కొరత పుడుతుంది.

మన దగ్గర ల్యాండ్‌లైన్‌లది అచ్చంగా ఇదే కథ. 040, 0866, 0891 లాంటి ఎస్టీడీ కోడ్‌ల కింద తాలూకా స్థాయి ప్రాంతాలవారీగా నంబర్లు బిగించి పెట్టారు. ఎవరూ ల్యాండ్‌లైన్ అడగని ఊళ్లో నంబర్లు మిగిలిపోతాయి, వాటిని నగరానికి తేలేం. అందుకే టెలికాం సర్కిల్ మొత్తాన్నీ ఒక ప్రాంతంగా చూడాలని, ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు పక్క వీధికి చేసినా సున్నా, కోడ్ కొట్టించాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. అన్నట్టు ఆ సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంకా ఒక్కటే. బండి నంబరు ప్లేటు ఏపీ నుంచి టీఎస్, టీఎస్ నుంచి టీజీ అయింది గానీ ఫోన్ నంబర్లకు 2014 సంగతి ఇంకా తెలియదు.

మనవాళ్లు ఎక్కువగా ఎంచుకున్నది మూడో దారి, అందరి మీదా ఒక్క అంకె వేయడం. ఇరవై ఏళ్ల కిందట ప్రభుత్వ ల్యాండ్‌లైన్‌లన్నిటి ముందూ 2 చేర్చారు. ఇప్పటికీ పాత బజార్లలో మూతబడ్డ బట్టల కొట్టు బోర్డు మీద ఎర్రరంగు అంకెలకు ఎడమవైపు, అంచుకూ అంకెకూ మధ్య మిగిలిన వేలెడు జాగాలో, వేరే చేతితో వేరే రంగులో ఇరికించిన సన్నటి 2 కనిపిస్తుంది. బ్రిటన్ కూడా 1995 ఏప్రిల్ 16న దేశమంతటా కోడ్‌లలో సున్నా తర్వాత 1 పెట్టింది. 2021 జనవరి 15 నుంచి మనం ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేస్తే ముందు సున్నా కొడుతున్నాం. దాంతో దాదాపు 254 కోట్ల నంబర్లకు దారి తెరుచుకుంటుందని ప్రభుత్వం చెప్పింది. ఎప్పుడో పుట్టబోయేవాడి కోసం ఇవాళ ఒక సున్నా. ఇంతకంటే చవకైన త్యాగం నాకు తెలియదు. బహుశా అంత చవక కాబట్టే చేయగలిగాం. కరెంటు మీటర్లలో, వాహనాల్లో పెట్టే సిమ్‌లకైతే ఏకంగా 13 అంకెల నంబర్లు పెట్టి, మనుషుల పదంకెలను కదపకుండా వదిలేశారు. 2018లో ఆ వార్త రాగానే మన నంబర్లే 13 అంకెలవుతాయన్న పుకారు ఊరంతా తిరిగింది.

ఇక మొదట్లో అన్న మాట దగ్గరికి. ఫోన్ నంబరు తినేది కాదన్నాను. 1984లో అది నిజమే, ఇప్పుడలా అనలేం. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, ఆధార్ దానికే ముడిపడి ఉంది, గ్యాస్ సిలిండరు కబురూ దానికే. మన నిబంధన ప్రకారం 90 రోజులు వాడకుండా, ఖాతాలో డబ్బు లేకుండా వదిలేస్తే కనెక్షన్ తీసేయొచ్చు. ఆ తర్వాత మరో 90 రోజులు ఆగి నంబరును ఇంకొకరికి ఇస్తారు. నంబర్ల పొదుపు దృష్టితో చూస్తే ఇది సబబే. వాడనిది దాచుకోకూడదనే కదా ఇంతసేపూ కంపెనీలను తప్పుపట్టాం. కానీ జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో గల్ఫ్‌కు వెళ్లి, అక్కడి సిమ్‌తో బతుకుతూ ఇక్కడి సిమ్‌కు రీచార్జ్ మరిచిపోయిన మనిషిని ఆ కంపెనీల గాటన కట్టగలమా? రెండేళ్లకు సెలవు మీద వచ్చేసరికి అతని నంబరు ఎవరో కాలేజీ పిల్ల చేతిలో మోగుతుంటుంది. అతని బ్యాంకు మెసేజీలు ఆ పిల్లకు పోతుంటాయి. ఆమె తప్పేమీ లేదు. ఆమె కొత్తగా వచ్చినామె, ఇంతవరకూ నేను ఎవరి పక్షాన వాదించానో ఆ మనిషే.

నంబరు తీసేసే వేళకు ఇద్దరూ అక్కడ లేనివాళ్లే. ఒకరు ఇంకా రాలేదు, ఒకరు దూరంగా ఉన్నారు. రద్దయిన నంబర్ల జాబితా తయారవుతోంది, దాన్ని చూసుకోమని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మోసాలు తగ్గడానికి అది మంచిదే. కానీ అది బ్యాంకును కాపాడినంతగా ఆ మనిషిని కాపాడదు. నంబరు పోతోందన్న హెచ్చరిక కూడా, ట్రంకు పెట్టెలో స్విచాఫ్ అయి ఉన్న ఆ నంబరుకే మెసేజీగా పోతుంది. సిమ్ ఇచ్చేనాడే ఇంటివాళ్లది ఇంకో నంబరు రాయించుకుని, తీసేసే ముందు దానికొక ఫోన్ చేయడానికి కంపెనీకి పెద్ద ఖర్చవదు. ఊళ్లో ఎవరో ఒకరు ఎత్తుతారు.