ఇనుప నగరమున పాలిపోయిన ఆకులు

జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోవు కార్మిక నగరమున వెడల్పైన వీధులును, నీడనిచ్చు చెట్లును, తోటలకు విశాలమైన స్థలమును ఉండవలెనని కోరెను. హిందూ ఆలయములకు, మసీదులకు, క్రైస్తవ దేవాలయములకు చోటు విడువుమనెను. ఆయన 1904లో మరణించెను. సాక్చి గ్రామమున వెలసిన ఆ నగరమునకు 1919లో జంషెడ్‌పూర్ అని పేరు కలిగెను.

అచ్చటి క్వార్టర్ల ముంగిటి చిన్న స్థలమునకు పొట్టి నూరువరహాల మొక్క తగినది. అది రెండు మూడు అడుగుల యెత్తున గుబురుగా పెరుగును. కొమ్మల చివరలనే పూయును గనుక పూత ముగిసిన పిదపనే కత్తిరించవలెను. తొందరపడువాడు మొగ్గలనే పోగొట్టుకొనును.

అయితే గోడ ప్రక్కను నాటిన మొక్క ఒక్కొక్కప్పుడు పాలిపోవును. లేత ఆకులు పసుపుపచ్చనై, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలుచును. ఇది ఇనుము లోపము. ఇనుప నగరమున ఇనుమునకు కరవా? ఎర్రమట్టికి ఆ రంగునిచ్చునదే ఇనుము! గోడ కట్టినప్పుడు రాలిన సున్నము, సిమెంటు పెళ్లలు మట్టిలో కలిసి దానిని క్షారముగా మార్చును. అప్పుడు ఇనుము నీటిలో కరగదు. వేరు దాని ప్రక్కనే యుండియు పీల్చుకొనజాలదు.

సువార్త వినియు, విశ్వాసము లేనందున దానివలన మేలు పొందని జనమును హెబ్రీ పత్రిక చూపుచున్నది (4:2). వాక్యము కరవైన యింట కాదు, ఉదయ సాయంకాలములు కుటుంబ ప్రార్థన జరుగు యింటనే ఒక ఆత్మ పాలిపోవుట కద్దు. స్వగ్రామములోని వాటాకై అన్నతో మాట మానిన తమ్ముడు ఆదివారమున ప్రభువు బల్లయొద్ద తలవంచి రొట్టె తీసికొనును. సున్నము ఆ మౌనములో నున్నది.

అన్నభేది నీటిలో కలిపి ఆకులపై చల్లినచో కొలది దినములలో పచ్చదనము వచ్చును. తరువాత పుట్టు చిగురు మరల పసుపే. (ఉజ్జీవ కూటములు ముగిసిన నెల దినములకు సంఘమెట్లుండునో కాపరులెరుగుదురు.) చల్లుట తప్పు కాదు, అది చాలదు. పెళ్లలు ఏరివేసి, ఆకుల ఎరువు కలిపి, అవసరమైనచో మొక్కను గోడకు ఎడముగా మార్చి నాటవలెను. వేరు కదలును గనుక కొన్నాళ్లు అది వాడినట్లే కనబడును.

లూకా 13వ అధ్యాయములోని తోటమాలి అంజూరపు చెట్టుకు ఒక్క సంవత్సరము గడువు వేడుకొనినప్పుడు, మొదట చుట్టు త్రవ్వుదుననెను. ఎరువు మాట ఆ తరువాతనే. అర్పణను బలిపీఠము నెదుట విడిచి సహోదరుని యొద్దకు వెళ్లుమని చెప్పిన ప్రభువు (మత్తయి 5:24) ఆ పారనే చేతికిచ్చుచున్నాడు. కద్మాలోని ఇంటినుండి శ్రీకాకుళము జిల్లాలోని అన్నకు ఒక ఉత్తరము వ్రాయుటకు ఎంత సేపు పట్టును?